తడిగుడ్డ కథ



పిల్లవాడికి ఒళ్ళు కాలిపోతోందనగానే మనం మొదట చేసే పని ఏమిటి? డాక్టరు దగ్గరకు బయలుదేరేలోగా ఓ పాత మెత్తటి గుడ్డ తీసి, గిన్నెలో నీళ్ళు తెచ్చుకుని, తడిపి పిండి నుదుటిమీద వేస్తాం. ఆ గుడ్డ వేడెక్కితే తీసి మళ్ళీ తడుపుతాం. ఇది మనకెవరూ నేర్పలేదు. మన అమ్మ చేస్తుంటే చూశాం, మనం చేస్తున్నాం.

ఈ తడిగుడ్డకు ఒక పెద్ద చరిత్ర ఉంది. ఈనాడు పెద్దపెద్ద హోటళ్ళలో స్పా అనీ, కొండలమీద విశ్రాంతి నిలయాలనీ పెట్టి, ఆవిరి స్నానాలూ, తొట్టి స్నానాలూ, మట్టి పట్టీలూ, నూనె మర్దనాలూ చేసి వేలకు వేలు తీసుకుంటున్నారు కదా! అందులో సగం సరంజామా ఆ తడిగుడ్డ నుంచి పుట్టిందే. ఆ కథ ఈవేళ చెప్పుకుందాం. అందులో ఇద్దరు పదేళ్ళ పిల్లలున్నారు. ఒకరు బతికారు, ఒకరు బతకలేదు. వాళ్ళకోసమే ఈ కథంతా చెబుతున్నాను.

ముందు పేరు సంగతి చూద్దాం. స్పా అన్నది బెల్జియం దేశంలో ఒక చిన్న ఊరి పేరు. అక్కడ ఇనుము కలిసిన నీటి ఊటలున్నాయి. ఆ నీళ్ళు తాగితే జబ్బులు నయమవుతాయని యూరపు నలుమూలల నుంచీ గొప్పవాళ్ళు వచ్చేవారు. రష్యా చక్రవర్తి పీటరు కూడా 1717లో వచ్చాడు. పోనుపోను నీళ్ళకోసం పోయే ఊరల్లా స్పా అయి కూర్చుంది. 2021లో యునెస్కో వారు యూరపులోని ఇలాంటి 11 ఊళ్ళను కలిపి ప్రపంచ వారసత్వ స్థలాల్లో చేర్చారు. అందులో ఈ స్పా కూడా ఉంది.

అయితే ఆ ఊళ్ళలో ఊట ప్రత్యేకమైనది. ఆ నీళ్ళలో ఇనుమో, గంధకమో, ఉప్పో ఏదో ఒకటి ఉండాలి. మామూలు బావినీళ్ళతో వైద్యం చేయవచ్చునని పేరు తెచ్చుకున్నవాడు ఒక రైతు. పేరు విన్సెంజ్ ప్రీస్నిట్స్. ఆనాటి ఆస్ట్రియా రాజ్యంలో, ఈనాటి చెక్ దేశంలో, గ్రేఫెన్‌బర్గ్ అనే కొండ పల్లెలో 1799లో పుట్టాడు. పెద్ద చదువేమీ లేదు. పదిహేడు పద్ధెనిమిదేళ్ళ వయసులో బండి కిందపడి పక్కటెముకలు విరిగాయి. వైద్యుడు చూసి పెదవి విరిచాడు. ఆ కుర్రవాడు తడిగుడ్డలు చుట్టుకుని, నీళ్ళు తాగుతూ పడుకుని లేచాడు. ఆ తరవాత చుట్టుపక్కల వాళ్ళకు తానే వైద్యం మొదలుపెట్టాడు. 1822లో తన ఇంటినే తిరిగి కట్టించి రోగులకు వసతి ఏర్పాటు చేశాడు.

చదువుకున్న వైద్యులు ఊరుకుంటారా? నాటువైద్యుడని ఫిర్యాదులు చేశారు, విచారణలు జరిపించారు. మందూ లేదు, మంత్రమూ లేదు, ఉన్నవి నీళ్ళే. ఏమని శిక్షిస్తారు! 1839లో ఆయన దగ్గరకు వచ్చిన రోగులు 1,500 మందికి పైనే. వారిలో రాకుమారులూ, జమీందారులూ బోలెడుమంది.

ఆయన వైద్యం ఎలా ఉండేదంటే, తెల్లవారుజామునే రోగిని లేపి, చన్నీళ్ళలో తడిపి పిండిన దుప్పటిలో మెడ దాకా చుట్టేవారు. దానిమీద పొడి కంబళ్ళు కప్పేవారు. మొదట గజగజ వణుకు. కాసేపటికి ఒంటి వేడికే ఆ తడి వెచ్చబడి చెమట పట్టేది. తరవాత చన్నీళ్ళ తొట్టిలో దింపి, గట్టిగా రుద్ది, కొండదారిలో నడిపించేవారు. ముతక రొట్టె, పాలు, కడుపునిండా నీళ్ళు, ఇదీ భోజనం. రాజుగారైనా సరే కట్టెలు కొట్టవలసిందే! ఆలోచించి చూడండి. ఇంటిదగ్గర మాంసాలూ మద్యాలూ మెక్కి, కాలు కింద పెట్టని మనుషులు ముతక తిండి తిని, నడిచి, కట్టెలు కొట్టి, పెందలాడే నిద్రపోతే ఒళ్ళు తేలికపడక ఏంచేస్తుంది? గొప్ప నీళ్ళదో, నడకదో, నిద్రదో తేల్చడం కష్టం. ఈ మాట గుర్తుంచుకోండి. కథ పొడుగునా ఇదే ప్రశ్న వస్తుంది.

ఈ నీటివైద్యం అమెరికాకు పాకింది. అక్కడ దీన్ని ఎక్కువగా ఆదరించినవారిలో ఆడవాళ్ళున్నారు. ఎందుకో ఒక గృహిణి కథ చూస్తే తెలుస్తుంది. ఆమె పేరు హేరియట్ బీచర్ స్టోవ్. భర్త మతపాఠశాలలో పంతులు. జీతం చాలదు. అయిదుగురు పిల్లలు. కాన్పు మీద కాన్పు, చాకిరీ మీద చాకిరీ, దానికితోడు అప్పుడో ఇప్పుడో పత్రికలకు రాయడం. ఆరోగ్యం పూర్తిగా దెబ్బతింది. 1846లో బ్రాటిల్‌బరో అనే ఊళ్ళో నీటివైద్య ఆశ్రమానికి వెళ్ళింది. వెళ్ళి ఇంచుమించు పది నెలలుంది!

పది నెలలు! వంట లేదు, ఉతుకు లేదు, పిల్లల కోపతాపాలు లేవు. చన్నీళ్ళ స్నానాలు, అడవిలో నడక, సాటి ఆడవాళ్ళతో కబుర్లు. కోలుకుని ఇంటికి వచ్చింది. నన్నడిగితే ఆమెకు నీళ్ళకన్నా సెలవు ఎక్కువ పనిచేసిందంటాను. "నాకు విశ్రాంతి కావాలి" అని ఆడది నోరువిప్పి అడిగితే ఆ రోజుల్లో అక్కడా చెల్లేది కాదు. "నాకు వైద్యం కావాలి" అంటే చెల్లేది. ఆశ్రమం ఆమెకు ఆ వీలు కల్పించింది.

తరవాతి సంగతి కూడా చెప్పాలి. 1848లో ఆమె భర్త కూడా ఆరోగ్యం బాగులేదని అదే ఆశ్రమానికి వెళ్ళి పదిహేను నెలలు ఉండిపోయాడు. ఆ సమయంలో, 1849లో, వాళ్ళ సిన్సినాటి ఊరికి కలరా వచ్చింది. ఏడాదిన్నర పసిబిడ్డ కలరాతో పోయాడు. భర్త దగ్గర లేడు. తల్లి ఒక్కతే. బానిస తల్లుల చేతుల్లోంచి బిడ్డలను లాక్కుని అమ్ముతుంటే వాళ్ళ గుండె ఎలా ఉంటుందో ఆ బిడ్డ సమాధి దగ్గరే తనకు తెలిసిందని ఆమె తరవాత చెప్పుకుంది. 1852లో అచ్చయిన ఆమె నవల 'అంకుల్ టామ్స్ కేబిన్' బానిసత్వం మీద ఒక దేశాన్నే కదిలించింది.

ఇక మొదటి పదేళ్ళ పాప దగ్గరకు వద్దాం. ఇంగ్లండులో మాల్వెర్న్ కొండల దగ్గర 1842లో ఇద్దరు డాక్టర్లు నీటివైద్యం ప్రారంభించారు. వారిలో ఒకరు డాక్టర్ జేమ్స్ గలీ. ఆయన దగ్గరకు 1849లో ఒక రోగి భార్యాపిల్లలతో వచ్చి కొన్ని నెలలు ఉన్నాడు. ఆ రోగి మరెవరో కాదు, చార్లెస్ డార్విన్. ఏళ్ళ తరబడి కడుపులో వికారం, వాంతులు, నీరసం. మాల్వెర్న్‌లో పొద్దున్నే చన్నీళ్ళలో తడిపిన ముతక తువ్వాలుతో రుద్దడం, నీళ్ళు తాగి నడవడం, రోజల్లా పొట్టమీద తడిపట్టీ. చక్కెర లేదు, వెన్న లేదు, మసాలా లేదు. ఆయనకు చాలా మేలు కనిపించింది. ఇంటికి వెళ్ళాక ఊరి వడ్రంగి చేత తోటలో స్నానాల కొట్టు కట్టించుకుని మరీ సాగించాడు.

ఆయన పెద్ద కూతురు ఆనీ. ఇంట్లో అందరికీ గారాలపట్టి. ఆ పిల్లకు సుస్తీ చేసింది. తనకు నయమైన చోటే బిడ్డకూ నయమవుతుందని 1851 మార్చిలో మాల్వెర్న్ తీసుకువెళ్ళి, దాది దగ్గర, డాక్టర్ గలీ పర్యవేక్షణలో ఉంచి తండ్రి తిరిగి వచ్చాడు. ఏప్రిల్ మధ్యలో కబురు వచ్చింది, పిల్లకు జ్వరం ముదిరిందని. డార్విన్ పరుగున వెళ్ళాడు. తల్లి ఎమ్మా వెళ్ళలేకపోయింది. నెలలు నిండుతున్నాయి. ఇంటిదగ్గరే ఉండి రోజూ టపా కోసం ఎదురుచూసేది. ఈవేళ కాస్త మేలుగా ఉందని ఒక ఉత్తరం, మళ్ళీ వాంతులయ్యాయని ఒక ఉత్తరం. ఏప్రిల్ 23న ఆనీ కన్నుమూసింది. ఆ అమ్మాయికి పదేళ్ళు నిండి రెండు నెలలు కూడా కాలేదు. వచ్చే నెల 13న ఎమ్మా ఇంకో బిడ్డను కన్నది.

ఆనీ రాతపెట్టెను, అందులోని చిన్నచిన్న వస్తువులను తల్లి బతికినంతకాలం దాచుకుంది. ఆనీకి వచ్చింది క్షయ కావచ్చునని ఈ కాలంలో కొందరు అనుకుంటున్నారు. ఏదైతేనేం, ఆ జబ్బుకు ఆనాడు గలీ నీళ్ళలోనూ మందు లేదు, లండన్ పెద్ద డాక్టర్ల సీసాల్లోనూ మందు లేదు. అది మనం మరచిపోకూడదు.

తరవాత జర్మనీలో ఈ వైద్యం ఇద్దరి చేతుల్లో పడి జనంలోకి వెళ్ళింది. ఒకరు సెబాస్టియన్ క్నైప్ అనే క్రైస్తవ గురువు, సాలెవాని కొడుకు. చదువుకునే రోజుల్లో క్షయ పట్టిందనుకుని, ఒక పాత పుస్తకం చూసి చలికాలంలో డాన్యూబు నదిలో ములిగి లేచి కోలుకున్నాడు. 1886లో నీటివైద్యం మీద ఆయన రాసిన పుస్తకం విపరీతంగా అమ్ముడుపోయింది. మొక్కలకు నీళ్ళుపోసే డబ్బాతో మోకాళ్ళ మీద నీళ్ళు పోయించడం, మంచులో తడిసిన పచ్చికమీద చెప్పుల్లేకుండా నడిపించడం, వనమూలికలు, మితమైన తిండి, ఇదీ ఆయన పద్ధతి.

రెండోవారు లైప్జిగ్ నగరంలోని లూయీ కూనే. ఈయనా డాక్టరు కాదు. రోగాలు ఎన్ని ఉన్నా మూలం ఒక్కటే, ఒంట్లో పేరుకున్న మలిన పదార్థమే అన్నారు. దానికి తొట్టిస్నానం, ఆవిరిస్నానం, ఉప్పూ మసాలా లేని శాకాహారం మందులన్నారు. కూనేగారి పుస్తకం సముద్రాలు దాటి మనదాకా వచ్చింది. మనం గర్వపడవలసిన సంగతి ఏమిటంటే, ద్రోణంరాజు వెంకటచలపతి శర్మగారు 1894లోనే దాన్ని తెలుగు చేశారు. హిందీలోకీ ఉర్దూలోకీ రావడానికి మరో పదేళ్ళు పట్టింది. మన జిల్లాల్లో తాతగార్ల కాలంనాటి ఇళ్ళలో నడుం మునిగేలా కూర్చునే వాలు తొట్టి కనబడితే, అది కూనేగారి చలవ అనుకోండి. భీమవరంలో, హైదరాబాదులో ప్రకృతి చికిత్సాలయాలు వెలసి పేరు తెచ్చుకోవడానికి వెనక ఇంత కథ ఉంది.

కూనే పుస్తకం చదివి నమ్మినవారిలో ఒకరు గాంధీగారు. ఇప్పుడు రెండో పదేళ్ళ పిల్లవాడి దగ్గరకు వస్తున్నాం.

1902లో గాంధీగారు బొంబాయిలో కాపురం పెట్టారు. రెండో కొడుకు మణిలాల్‌కు టైఫాయిడు వచ్చింది. దానికితోడు ఊపిరితిత్తులకు వాపు, రాత్రిళ్ళు సంధి. పార్శీ డాక్టరుగారు వచ్చి చూసి, మందులు పెద్దగా పనిచెయ్యవు, బలానికి కోడిగుడ్లూ కోడిరసమూ ఇవ్వాలన్నారు. గాంధీగారు ఒప్పుకోలేదు. కూనే చెప్పిన తొట్టిస్నానం, ఒక్కోసారి మూడు నిమిషాలకు మించకుండా చేయించారు. మూడు రోజులు నీళ్ళు కలిపిన నారింజరసం ఇచ్చారు. జ్వరం 104 దాకా పోయింది. ఒక రాత్రి దుప్పటి తడిపి పిండి పిల్లవాడికి చుట్టి, పైన రెండు కంబళ్ళు కప్పి, తలమీద తడితువ్వాలు వేశారు. ఒళ్ళు పెనంలా కాలుతోంది. చెమట చుక్క లేదు. బిడ్డను తల్లికి అప్పగించి, మనసు నిలవక, రామనామం చేసుకుంటూ చౌపాటీ వైపు నడిచి వచ్చారు. తిరిగి వచ్చేసరికి పిల్లవాడి నుదుట చెమట ముత్యాలు కనబడ్డాయి. గండం గడిచింది. తరవాత నలభై రోజులు నీళ్ళపాలూ పళ్ళరసాలతో ఉంచారు. మణిలాల్ నిక్షేపంలా పెరిగి, దక్షిణాఫ్రికాలో తండ్రి స్థాపించిన పత్రికను చాలా ఏళ్ళు నడిపాడు.

ఈ సంగతి గాంధీగారు తన ఆత్మకథలో దాపరికం లేకుండా రాశారు. దేవుడి దయో, నీటివైద్యమో, పథ్యమో, సపర్యో, దేనివల్ల బతికాడో ఎవరు చెప్పగలరని ఆయనే అన్నారు. నాకు ఆయన మాటల్లో నచ్చింది ఇదే. అయితే ఒక్కటి మాత్రం ఆ పుస్తకంలో లేదు. తండ్రి బయట తిరుగుతున్నంతసేపూ కాలిపోతున్న బిడ్డ పక్కన కూర్చున్న కస్తూరిబా ఏమనుకుంది? ఆమె మనసులో మాట ఎవరూ రాసిపెట్టలేదు. మనం ఊహించుకోగలం. అలాంటి రాత్రి గడపని తల్లి మనలో ఎవరుంది!

మరి ఇద్దరు పిల్లలకూ ఇంచుమించు ఒకే వైద్యం. ఒకరు బతికారు, ఒకరు పోయారు. మనం నేర్చుకోవలసింది ఏమిటి?

టైఫాయిడుకు కారణమైన సూక్ష్మజీవిని 1880లో కనిపెట్టారు. క్షయ క్రిమిని 1882లో కోచ్ దొర కనిపెట్టాడు. అంటే రోగాలన్నిటికీ మూలం ఒక్కటేనన్న కూనేగారి మాట నిలవలేదు. కాని కారణం తెలిసినంతమాత్రాన మందు దొరకదు కదా! టైఫాయిడును తగ్గించే మందు 1948లో గాని రుజువు కాలేదు. 1902లో బొంబాయి డాక్టరుగారు మందులు పనిచెయ్యవన్నది నిజమే. ఆనాడు టైఫాయిడు రోగికి సపర్యే వైద్యం. శుభ్రమైన నీళ్ళు, తేలికైన ఆహారం, కదలకుండా పడుకోబెట్టడం, కంటికి రెప్పలా కనిపెట్టుకుని ఉండడం. ఇవన్నీ మణిలాల్‌కు దొరికాయి. ఈనాడు మందులున్నాయి. కనక ఈనాడు అదే జ్వరానికి తడిగుడ్డ ఒక్కటే చాలుననుకోవడం గాంధీగారిని అనుసరించడం కాదు. లేనినాడు ఆయన చేసిన పనిని ఉన్ననాడు మనం చెయ్యడం అవుతుంది.

అందుకని నా మనవి. పిల్లలకు జ్వరం వస్తే తడిగుడ్డ వెయ్యండి, ఒళ్ళు తుడవండి. అది హాయినిస్తుంది. మంచునీళ్ళు వద్దు, మామూలు నీళ్ళో గోరువెచ్చని నీళ్ళో చాలు. కాని జ్వరం రెండుమూడు రోజులకు తగ్గకపోయినా, బిడ్డ తాగింది నిలవకపోయినా, ఎగశ్వాస పెట్టినా, మగతగా పడి పలకకపోయినా డాక్టరు దగ్గరకు పరుగెత్తండి. చంటిపిల్లలైతే అసలు ఆగవద్దు. ఫలానా ఆశ్రమంలో మా వదినకు మందుల్లేకుండా నయమైందని విని, మీరు వాడుతున్న చక్కెరజబ్బు మందో, రక్తపోటు మాత్రో మానెయ్యకండి. కడుపుతో ఉన్నవాళ్ళూ, గుండెజబ్బువాళ్ళూ డాక్టరును అడగకుండా ఆవిరిపెట్టెల్లో కూర్చోకండి.

అలాగని ఆశ్రమాలను తీసిపారెయ్యడం లేదు. గాంధీగారు చివరిదాకా ప్రకృతి చికిత్సను వదలలేదు. మొదట పూనా నగరంలో పేదలకోసం చికిత్సాలయం నడపాలనుకున్నారు. బస్తీలో పెట్టిన సంస్థ పేదవాడికి అందదని త్వరలోనే గ్రహించి, 1946 మార్చిలో దగ్గరలోని ఉరులీ కాంచన్ అనే పల్లెకు వెళ్ళి, వారంరోజులు అక్కడే ఉండి, పల్లెవాళ్ళకు స్వయంగా వైద్యం చెప్పారు. అక్కడ ఉండిపోయిన శిష్యుడు మణిభాయి దేశాయి ఆ ఆశ్రమాన్ని నిలబెట్టారు. ఈనాటికీ నడుస్తోంది.

గాంధీగారి బెంగ ఈనాటి స్పాలను చూస్తే అర్థమవుతుంది. నీళ్ళు, మట్టి, ఎండ, గాలి, విశ్రాంతి. ఊరికే దొరకవలసినవాటికే ధర కట్టారు. అందులో అన్నిటికన్నా ప్రియమైనది విశ్రాంతి. డబ్బున్నవాళ్ళు వెళ్ళి వారం రోజులు కొనుక్కుని వస్తారు. తక్కినవాళ్ళ సంగతి?

మన ఇళ్ళలో ఆడపిల్ల పుట్టింటికి పురిటికి వచ్చినప్పుడు నూనె రాసి, సున్నిపిండితో నలిచి, వేడినీళ్ళు పోసి, సాంబ్రాణి వేసి, "పడుకోవే తల్లీ, పిల్లాణ్ణి నేను చూస్తాను" అంటుంది అమ్మ. ఏ స్పా ఇంతకన్నా ఏం చేస్తుంది? ఆ తరవాత మళ్ళీ ఆ మాట మనతో ఎవరంటారు? ఇంట్లో అందరి నుదుటిమీదా తడిగుడ్డ వేసేది మనమే. మనకు జ్వరం వస్తే మాత్రం మాత్ర మింగి పొయ్యి దగ్గర నిలబడతాం.

హేరియట్ స్టోవ్‌కు పది నెలలు దొరికింది. మనకు పది నెలలు వద్దు. రోజుకో అరగంట చాలు. తలుపు దగ్గరగా వేసుకుని, కాళ్ళు చాపుకుని, ఎవరు పిలిచినా పలకకుండా ఉండే అరగంట. దాన్ని ఒంట్లో బాగులేదనే వంకతో కాకుండా, బాగున్నప్పుడే ఇంట్లోవాళ్ళను అడిగి తీసుకోండి. ఈ సాయంత్రమే అడిగి చూడండి.

సెలవు.